చిన్నపిల్లలకు కథలోని భాగాలు నేర్పడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రాథమిక బడిలో చిన్న తరగతులకు కథలు చెప్పే పని నాది. బడి గేటు దగ్గర తల్లిదండ్రులు అడిగేవి, కొత్తగా చేరిన టీచర్లు వాట్సాప్‌లో అడిగేవి దాదాపు అవే సందేహాలు. ప్రతిసారీ మళ్లీ మొదటినుంచి చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసిపెట్టాను. వయసును బట్టి విడదీశాను కాబట్టి మీకు కావలసిన చోటు నుంచే చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

కథ భాగాలంటే అసలు ఎన్ని? ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉన్నాయి.

చిన్నపిల్లలకు ఐదు చాలు. ఎవరు, ఎక్కడ, ఏం చిక్కు వచ్చింది, ఏం చేశారు, చివరికి ఏమైంది. వీటినే పెద్ద మాటల్లో పాత్రలు, నేపథ్యం, సమస్య, సంఘటనలు, ముగింపు అంటాం. ఇంగ్లిష్ మీడియం వర్క్‌షీట్లలో క్యారెక్టర్స్, సెట్టింగ్, ప్రాబ్లం, ఈవెంట్స్, సొల్యూషన్ అని ఉండేవీ ఇవే. ఇతివృత్తం, శైలి వగైరా హైస్కూల్ దాకా ఆగొచ్చు.

ఐదింట్లో ఒక్కటే నేర్పే టైముంటే నేను చిక్కునే నేర్పుతాను. చిక్కు ఎవరికి వచ్చిందంటే పాత్ర దొరుకుతుంది, ఎక్కడ వచ్చిందంటే చోటు దొరుకుతుంది, ఎలా తీరిందంటే ముగింపు దొరుకుతుంది. ఐదు పేర్లూ బట్టీ పట్టిన పిల్లలు గళ్లు నింపగలరు గానీ, కథ చెప్పమంటే నీళ్లు నములుతారు.

మాకెవరూ ఇవన్నీ నేర్పలేదు. కథలు వింటూనే పెరిగాం కదా?

నేర్పారు, మీకు తెలియకుండా. కథ చెప్పేటప్పుడు మీరు ఊ కొట్టాలి. ఊ ఆగితే అమ్మమ్మ కథ ఆపేది, "ఎందాకా చెప్పాను?" అని అడిగేది. మీరు జరిగింది గుర్తు చేస్తే తప్ప ముందుకు కదిలేది కాదు. ఇప్పుడు కథ ఎక్కువగా ఫోన్లోంచి వస్తోంది, ఫోన్‌కి ఊ అక్కర్లేదు. ఆ అడిగే పని ఇప్పుడు మనం కావాలని చేయాల్సి వస్తోంది, అంతే తేడా.

ఇంట్లోనూ దీనికి ఉపయోగం ఉంది. బడినుంచి ఏడుస్తూ వచ్చిన పిల్లవాడు "వాడు కొట్టాడు" అని ఊరుకుంటే మనకేం తెలియదు. ఎవరు, ఎక్కడ, ఎందుకు, తర్వాత టీచర్ ఏం చేశారు అన్నవి వరసగా చెప్పగలిగితే అదీ ఒక కథే.

ఏ కథతో మొదలుపెట్టమంటారు?

కాకి-కుండ కథతో. ఒక్క పాత్ర, ఒక్క చోటు, ఒక్క చిక్కు, ఒక్క ఉపాయం, ముగింపులో గందరగోళం లేదు. పైగా చేసి చూపించొచ్చు. గాజు గ్లాసులో సగానికి పైగా నీళ్లు పోసి గులకరాళ్లు వేయించండి. ముందు ఒకసారి మీరు చేసి చూసుకోండి. నీళ్లు పావు గ్లాసే ఉంటే అవి రాళ్ల సందుల్లోకే పోయి పైకి రావు, పిల్లలు కథే అబద్ధం అంటారు. కాకులకు నిజంగా అంత తెలివి ఉంటుందా అని అడిగేవాళ్లూ ఉంటారు. 2009లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు గొట్టంలో నీళ్ల మీద తేలే పురుగును పెడితే, రూక్ అనే కాకిజాతి పక్షులు రాళ్లు వేసి నీళ్లు పైకి రప్పించి దాన్ని తిన్నాయి.

తర్వాత రెండు పాత్రలున్న కొంగ-నక్క, కుందేలు-తాబేలు. ఆ తర్వాతే మలుపులున్న కథలు.

నీతి కూడా కథలో భాగమే కదా?

కాదు. అది కథ విన్నవాళ్లు తీసుకునేది, కథలో జరిగేది కాదు. కథ అవ్వగానే "దీనిలో నీతి ఏంటి?" అని అడగడం మనకు బాగా అలవాటైపోయింది. దాంతో పిల్లలు ఏ కథకైనా పనికొచ్చే జవాబు ఒకటి సిద్ధంగా పెట్టుకుంటారు: "అబద్ధం ఆడకూడదు టీచర్." కోతి-మొసలి కథకీ అదే చెప్తారు. ఆ కథలో కోతి బతికి బయటపడిందే అబద్ధంతో!

నీతి బదులు "నువ్వైతే ఏం చేసేవాడివి?" అని అడిగి చూడండి. జవాబు చెప్పాలంటే పిల్లవాడు ఆ పాత్ర పడ్డ చిక్కులోకి వెళ్లాలి.

## మూడు, నాలుగేళ్ల పిల్లలు

మా పాపకి మూడేళ్లు. పాత్ర, నేపథ్యం అంటే అర్థమవుతుందా?

ఆ మాటలు వద్దు. "ఎవరు?" "ఎక్కడున్నారు?" ఈ రెండూ చాలు, అదీ వేలితో చూపించేలా. చేతిలో వస్తువు ఉంటే ఇంకా తేలిక. ఇంట్లో కొండపల్లి బొమ్మ ఉంటే అది రాజు, లేకపోతే గరిటె రాజు. నీలం చున్నీ పరిస్తే నది. కథ ఐదారు నిమిషాలు దాటనివ్వకండి.

రోజూ అదే కథ కావాలంటుంది. విసుగొచ్చేస్తోంది. మార్చొచ్చా?

మార్చకండి, వాడుకోండి. పిల్లకు తర్వాత ఏం వస్తుందో ముందే తెలియడంలో ఆనందం ఉంది, కథ వరస బుర్రలో పడేది కూడా అప్పుడే. నాలుగైదు సార్లు అయ్యాక ఒకచోట కావాలని తప్పు చెప్పండి: "కాకికి బాగా ఆకలేసింది..." వెంటనే "కాదు, దాహం!" అని అరుస్తుంది. చిక్కు ఏమిటో ఆ పిల్లకు తెలుసని మీకు తెలిసిపోయింది.

కోతి-మొసలి కథ చెప్తే "కోతి గుండె నిజంగా చెట్టు మీద ఉందా?" అని అడుగుతున్నాడు. ఎంత చెప్పినా అర్థం కావట్లేదు.

మీ అబ్బాయిలో లోపం లేదు, కథ వయసుకు మించింది. ఆ కథ నడవాలంటే ఒకే సమయంలో రెండు విషయాలు బుర్రలో పెట్టుకోవాలి. గుండె కోతి ఒంట్లోనే ఉంది. మొసలి మాత్రం చెట్టు మీద ఉందని నమ్మింది. తనకు తెలిసింది ఎదుటివాడికి తెలియకపోవచ్చు, ఎదుటివాడు తప్పుగా నమ్మొచ్చు అన్నది పిల్లలకు పుట్టుకతో రాదు.

దీన్ని పరీక్షించిన ప్రయోగం ఒకటి బాగా పేరుపడింది. 1985లో లండన్‌లో చేశారు. శాలీ అనే బొమ్మ తన గోళీని బుట్టలో పెట్టి బయటికి వెళ్తుంది. ఆన్ అనే బొమ్మ దాన్ని తీసి పెట్టెలో దాస్తుంది. శాలీ తిరిగొచ్చి గోళీ కోసం ఎక్కడ వెతుకుతుంది? మూడేళ్ల పిల్లలు మామూలుగా "పెట్టెలో" అంటారు, ఎందుకంటే గోళీ ఉన్నది అక్కడే. నాలుగు దాటుతున్న కొద్దీ "బుట్టలో" అనడం మొదలవుతుంది.

ఇంట్లో స్టీలు గిన్నెలు, బిస్కెట్‌తో మీరూ ఆడి చూడొచ్చు. జవాబు ఇంకా "పెట్టెలో" దగ్గరే ఉంటే మోసం, ఉపాయం ఉన్న కథలు కొన్నాళ్లు పక్కన పెట్టండి. తెనాలి రామలింగడి కథలైతే ఇంకా ఆగాలి. ఈలోపు దాహం, ఆకలి, దారి తప్పడం, వస్తువు పోవడం లాంటి కంటికి కనబడే చిక్కులున్న కథలు చాలు.

యూట్యూబ్‌లో తెలుగు కథలు బోలెడున్నాయి. అవి చూపిస్తే సరిపోదా?

పక్కన మీరుంటే పర్లేదు. చిక్కు వచ్చిన దగ్గర పాజ్ చేసి "ఇప్పుడెలా?" అని అడగండి. ఆపకుండా నడిచే వీడియోలో పిల్లవాడు చూస్తాడు గానీ ఊహించడు.

## ఐదు, ఆరేళ్ల పిల్లలు

కథ చెప్పమంటే "కోతి ఉంది, మొసలి ఉంది, అయిపోయింది" అంటాడు. ముందుకు సాగేదెలా?

అంత తెలిసినా చెప్పనివాళ్లే ఎక్కువ. ఎక్కడ మొదలుపెట్టాలో తోచక అలా ముగించేస్తారు. ఐదు వేళ్లు వాడండి. బొటనవేలు ఎవరు, చూపుడువేలు ఎక్కడ, అన్నిటికంటే పొడుగ్గా ఉండే మధ్యవేలు చిక్కు, ఉంగరం వేలు ఏం చేశారు, చిటికెన వేలు చివరికి ఏమైంది. ఒక్కో వేలు పట్టుకుని అడుగుతూ పోవాలి. మా క్లాసులో ఇది మామూలుగా ఇలా నడుస్తుంది:

"ఎవరి కథ ఇది?"
"కోతిది."
"ఎక్కడుంటుంది?"
"చెట్టు మీద."
"ఆ చెట్టు ఎక్కడ?"
"నది పక్కన."
"కోతికి ఏం చిక్కొచ్చింది?"
"మొసలి తినేస్తది."
"వాళ్లిద్దరూ ఫ్రెండ్స్ కదా?"
"వాళ్ల పెళ్లాం గుండె కావాలంది టీచర్."

ఆ చివరి మాట రాబట్టడానికే ఇదంతా. మొసలి ఎందుకు తినాలనుకుందో చెప్పాడంటే కథ వచ్చేసినట్టే. రెండు వారాలు మీరు వేళ్లు పట్టుకోండి, ఆ తర్వాత వాడే పట్టుకుంటాడు.

మా పాప దీనికి పూర్తిగా రివర్స్. "తర్వాత... తర్వాత..." అంటూ ఎంతకీ ఆపదు.

ఆ కథలో సంఘటనలు ఉన్నాయి, చిక్కు లేదు. తీరాల్సిందేదీ లేదు కాబట్టి ఆగడానికి చోటు దొరకదు. రెండు మాటలు ఇవ్వండి: "కానీ", "అందుకని". "పిల్లి బజారుకెళ్లింది, తర్వాత పాలు కొంది, తర్వాత ఇంటికొచ్చింది" అంటే, మీరు "బజారుకెళ్లింది, కానీ..." అని ఆపండి. "కానీ డబ్బుల్లేవు" అంటుంది. "అందుకని?" ఇక కథ దానంతటదే నడుస్తుంది.

ఏడు చేపల కథ అందరికీ వచ్చు. దాంతో కథ భాగాలు నేర్పొచ్చా?

నేర్పొచ్చు, అయితే అన్నీ కాదు. ఎందుకు ఏం జరిగిందో చెప్పడానికి అంత మంచి కథ మన దగ్గర ఇంకోటి లేదు. సమస్య-పరిష్కారం నేర్పడానికి మాత్రం అస్సలు పనికిరాదు.

ముందు కథంతా చెప్పించండి. చేప ఎందుకు ఎండలేదు, గడ్డిమోపు అడ్డమొచ్చింది. గడ్డిమోపు ఎందుకు అడ్డమొచ్చింది, ఆవు మేయలేదు. ఆవు ఎందుకు మేయలేదు, పాలేరు మేపలేదు. పాలేరుకి అవ్వ బువ్వ పెట్టలేదు, అవ్వ పెట్టకపోవడానికి పాప ఏడ్చింది, పాపను చీమ కుట్టింది. "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" దగ్గర క్లాసంతా ఒక్క గొంతుతో అరుస్తుంది, అరవనివ్వండి.

ఇప్పుడు ఏడు చీటీల మీద బొమ్మలు వేయండి: చేప, గడ్డిమోపు, ఆవు, పాలేరు, అవ్వ, పాప, చీమ. చెప్పిన వరసలో నేల మీద పేర్పించి, "వీటిలో ముందు జరిగిందేది?" అని అడగండి. చాలామంది చేప అంటారు, కథలో ముందొచ్చింది అదే కాబట్టి. కాసేపు కొట్టుకున్నాక ఎవరో ఒకరు చీమ అంటారు. చీటీలు వెనక్కి తిప్పి పేర్పించి "అందుకని"తో చెప్పించండి: పాప పుట్టలో వేలు పెట్టింది, అందుకని చీమ కుట్టింది, అందుకని పాప ఏడ్చింది, అందుకని అవ్వ బువ్వ పెట్టలేదు... చేప దాకా. కథ చెప్పే వరస, జరిగిన వరస వేరు వేరుగా ఉండొచ్చన్నది పెద్ద క్లాసుల్లో కూడా చాలామందికి తట్టదు. ఇక్కడ ఆరేళ్ల పిల్లలు చీటీలు తిప్పుతూ పట్టేస్తారు.

పరిష్కారం సంగతికొస్తే, ఆ చేప చివరికి ఎండిందో లేదో కథ చెప్పదు. చీమ జవాబుతో ఆగిపోతుంది. మీ వర్క్‌షీట్‌లో "సొల్యూషన్" గడి ఉంటే దాన్ని ఖాళీగా వదిలి, "మనం ఎండబెడదామా? ఎలా?" అని అడగండి. "చేపను పక్కకి జరిపితే సరిపోద్ది కదా టీచర్" అనే పిల్ల ప్రతి బ్యాచ్‌లోనూ ఒకతి ఉంటుంది. ఏడుగురు రాకుమారులకూ తట్టని సంగతి.

చెట్టు, కుండ, గడ్డిమోపు... వీటిలో ఏవి పాత్రలు, ఏవి కావు?

అనుకుంటే, అడిగితే, కావాలని ఏదైనా చేస్తే పాత్ర. ఊరికే ఉంటే వస్తువు, లేదా చోటు. ఏడు చేపల కథలో గడ్డిమోపు జవాబు చెప్తుంది కాబట్టి పాత్ర. కాకి కథలో కుండ నోరు మెదపదు కాబట్టి కాదు. పిల్లలు దీని మీద వాదించుకుంటే మంచిదే, మీరు తీర్పు చెప్పే తొందర పెట్టుకోకండి.

"ఎక్కడ" అంటే ప్రతి కథకీ "అడవిలో" అనేస్తున్నాడు.

చోటు మార్చి కథ నడుస్తుందో లేదో చూడమనండి. కాకి కథను వానాకాలానికి మార్చండి. ఊరంతా నీళ్లే, కాకికి కుండతో పనే లేదు, కథే లేదు. కోతి ఉన్న నేరేడు చెట్టును ఊరి మధ్యలో పెట్టండి, మొసలి అక్కడికి ఎలా వస్తుంది? ఇలా రెండు మూడు కథలు పాడుచేశాక చోటు, కాలం ఊరికే పెట్టినవి కావని తెలుస్తుంది. కుందేలు-తాబేలు పందెం ఏ ఊళ్లోనైనా జరగొచ్చనీ అప్పుడే తెలుస్తుంది. చోటు గట్టిగా అవసరమయ్యే కథలు కొన్నే.

## ఏడు, ఎనిమిదేళ్ల పిల్లలు

నోటితో బ్రహ్మాండంగా చెప్తాడు. రాయమంటే రెండు లైన్లు.

రాసేటప్పుడు వాడు రెండు పనులు చేస్తున్నాడు: కథ అల్లడం, గుణింతాలు ఒత్తులు కూడబలుక్కోవడం. రెండో క్లాసు పిల్లవాడికి "స్నేహితుడు" రాసేసరికి తర్వాత ఏం చెప్పాలనుకున్నాడో మర్చిపోతాడు. అందుకే "కోతి మంచిది. మొసలి చెడ్డది." దగ్గర ఆగిపోతాడు, ఆ మాటలకు ఒత్తుల బెడద తక్కువ.

రెండు పనులూ విడదీయండి. ఏ ఫోర్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నాలుగు గళ్లు చేయండి. మొదట బొమ్మలు. తర్వాత వాడు చెప్తుంటే మీరు వాడి మాటల్లోనే రాయండి, "తినేస్తది" అంటే "తినేస్తది" అనే రాయండి. మర్నాడు ఒక్క గడి వాడు రాయాలి. కథ రాసిన రోజు ఎర్ర పెన్ను ముట్టుకోకండి. తప్పులు దిద్దడానికి డిక్టేషన్ ఉంది.

సొంత కథ రాయమంటే కుందేలు-తాబేలే మళ్లీ రాస్తున్నాడు.

రాయనివ్వండి, ఒక్కటి మాత్రం మార్చమనండి. కుందేలు బదులు ఆటో, తాబేలు బదులు ఎడ్లబండి. లేదా పందెం నిద్ర వల్ల కాకుండా వాన వల్ల ఓడిపోవాలి. ఒక భాగం మారిస్తే మిగతావి సర్దుకోక తప్పదు, ఆ సర్దడంలోనే సొంత కథ వస్తుంది. ఖాళీ కాగితం ఇచ్చి "ఏదైనా రాయి" అంటే పెద్దవాళ్లకే టెన్షన్.

అమ్మమ్మ ఒకలా చెప్తుంది, పుస్తకంలో ఇంకోలా ఉంది. పిల్లవాడు ఏది కరెక్ట్ అని అడుగుతున్నాడు.

రెండూ కరెక్టే. నోటి మీద నడిచే కథలు ఇంటికోలా, ఊరికోలా ఉంటాయి. రెండూ పక్కపక్కన పెట్టి ఏవి మారాయో, ఏవి మారలేదో వెతికించండి. ఏడు చేపల కథలోనే కొందరిళ్లలో పాలేరు, కొందరిళ్లలో గొల్లవాడు. చీమ మాత్రం అన్నిచోట్లా చీమే. మారని వాటిని జాబితా రాయిస్తే కథ ఎముకల గూడు బయటపడుతుంది.

పరీక్షలో "పాత్రలు రాయండి, సమస్య రాయండి" అని వస్తోంది. ఎలా ప్రిపేర్ చేయించాలి?

అర్థమైన పిల్లవాడికి ఆ పేర్లు ఒక సాయంత్రంలో వచ్చేస్తాయి. కాకపోతే మీరు ఇంట్లో వాడే మాటా, వాళ్ల పుస్తకంలోని మాటా ఒకటేనని చెప్పండి: చిక్కు అంటే ప్రాబ్లం, చోటు అంటే సెట్టింగ్. వచ్చిందో లేదో చూడాలంటే పాఠంలోని కథ అడక్కండి. ఎప్పుడూ వినని కథ సగం చెప్పి ఆపి, ఇప్పటిదాకా ఎన్ని వేళ్లు అయ్యాయో అడగండి.

## బడిలోనూ, ఇతర సందేహాలూ

క్లాసులో నలభై మంది. ఒక్కొక్కరి చేత కథ చెప్పించడం అయ్యే పనేనా?

కాదు, అక్కర్లేదు కూడా. నేల మీద సుద్దముక్కతో ఐదు గళ్లు గీయండి. ఐదు గుంపులు, గుంపుకో గడి. మీరు కథ చెప్తుంటే తమ భాగం వచ్చినప్పుడు ఆ గుంపు లేచి గడిలో నిలబడాలి. చిక్కు గుంపు తొందరపడి లేస్తే మిగతావాళ్లే కూర్చోబెడతారు. మర్నాడు గళ్లు మార్చండి. రెండు తరగతులు ఒకే గదిలో ఉన్న బడుల్లో పెద్దవాళ్లు కథ చెప్పొచ్చు, చిన్నవాళ్లు లేచి నిలబడొచ్చు.

సిలబస్ అవ్వట్లేదు. కథలకు టైమెక్కడిది?

మూడో తరగతి అయ్యేసరికి ప్రతి పిల్లవాడూ అర్థం చేసుకుంటూ చదవాలని 2021 జూలై 5న మొదలైన నిపుణ్ భారత్ అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం చెప్తోంది, 2026-27 దాకా గడువు కూడా పెట్టింది. కథ విని తిరిగి చెప్పడం అందులో పనే, అదనపు ముచ్చట కాదు. తెలుగు వాచకంలో ఉన్న కథా పాఠాన్నే ఐదు ప్రశ్నలతో చేయిస్తే వేరే పీరియడ్ కూడా అడగనక్కర్లేదు.

ఆరేళ్లొచ్చినా రెండు విషయాలు వరసగా చెప్పలేకపోతున్నాడు. డాక్టర్‌కి చూపించాలా?

సిగ్గు వేరు, ఇది వేరు. ఇంట్లో, స్నేహితుల దగ్గర గలగలా మాట్లాడి క్లాసులోనే నోరు విప్పకపోతే కొంత ఆగొచ్చు. ఇంట్లో కూడా చిన్న కథ అనుసరించలేకపోతున్నా, చెప్పిన రెండు పనులు వరసగా చేయలేకపోతున్నా, పిలిస్తే సరిగా పలకకపోయినా ఆగకండి. ముందు చెవులు పరీక్ష చేయించండి. పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చు, లేదా జిల్లా ఆసుపత్రిలో ఉండే డీఈఐసీ సెంటర్‌కి (పిల్లల ఎదుగుదలలో లోపాలను తొందరగా గుర్తించి సాయం చేసే కేంద్రం) వెళ్లొచ్చు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద నడిచేవి అవి, పరీక్షలు ఉచితం.

మేం అమెరికాలో ఉంటాం. బడిలో స్టోరీ ఎలిమెంట్స్ ఇంగ్లిష్‌లో నేర్పుతున్నారు. ఇంట్లో తెలుగు కథలు చెప్తే కన్ఫ్యూజ్ అవుతుందా?

అవదు. చిక్కు ఏ భాషలోనైనా చిక్కే. అక్కడ చాలా రాష్ట్రాలు పాటించే కామన్ కోర్ ప్రమాణాల్లో కిండర్‌గార్టెన్‌లోనే, టీచర్ సాయంతో పాత్రలు, చోటు, ముఖ్యమైన సంఘటనలు గుర్తించాలని ఉంది. టెక్సాస్, వర్జీనియా వాటిని తీసుకోలేదు, వాళ్లవి వేరే ప్రమాణాలు. ఎక్కడైనా మీరు ఇంట్లో తెలుగులో చెప్పిన కథ ఆ పనికి సాయమే. మీరు తెలుగులో అడిగితే పాప ఇంగ్లిష్‌లో జవాబు చెప్పినా ఫరవాలేదు, "తెలుగులో చెప్పు" అని ఆపితే కథ తెగిపోతుంది. ఆ జవాబునే మీరు తెలుగులో ఒకసారి తిరిగి అని ముందుకెళ్లండి. వీడియో కాల్‌లో అమ్మమ్మ చెప్తుంటే ఇంకా మంచిది. నెట్ మధ్యలో ఆగిందనుకోండి, కలిశాక ఆవిడ ఎలాగూ అడుగుతుంది, "ఎందాకా విన్నావే?" అని. ఆ జవాబు పాపనే చెప్పనివ్వండి, మీరు అందించకండి.